మెడ దాకా ముసుగు

ఎన్నికల కోడ్ వచ్చిందంటే గవర్నర్‌పేటలో మా ఫ్లెక్సీల షాపుకి మైల పట్టినట్టే. అంతకు ముందురోజు దాకా నాయకుల పొట్టలు తగ్గించడం, జుట్లు నల్లబరచడం, పుట్టినరోజు కుర్రాడి పక్కన పులిని నిలబెట్టడం లాంటి పనుల్లో తల మునకలుగా ఉన్నవాణ్ణి, మొన్న ఒక్కసారిగా ఖాళీ అయిపోయి షాపు మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఎదురుగా సెంటర్లో ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి ఓ నాయకుడి విగ్రహానికి తెల్లబట్ట చుడుతున్నారు. కాళ్ళ దగ్గర మొదలుపెట్టారు. నడుం దాటారు. మెడ దాటారు.

"అన్నా, మొహం కూడానా?" అని అరిచాను.

నిచ్చెన మీదాయన నన్ను వింతగా చూశాడు. "మొహం కోసమే గదా బాబూ కప్పేది."

పాయింటే. ఆయన మొహం కప్పి ముడి వేశాడు. నా చేతిలో టీ మీగడ కట్టింది.

మా అమ్మమ్మ వాళ్ళూరు కృష్ణ సముద్రంలో కలవడానికి ఇంకాస్త దూరం ఉందనగా, కరకట్ట దిగువన ఉంటుంది. చిన్నప్పుడు వేసవి సెలవులివ్వగానే అమ్మ నన్ను బెజవాడలో బస్సెక్కించేది. ఏ ఊరొచ్చిందో చూడక్కర్లేదు, ముక్కు చెప్పేది. బెంజ్ సర్కిల్ దగ్గర డీజిల్ పొగ, ఇంకాస్త పోతే చెరకు పిప్పి వాసన, ఆ తర్వాత అరటితోటల తడి, చివర్న ఎండుచేపలు. ఎండుచేపల వాసన రాగానే లేచి నిలబడితే కండక్టరు నవ్వేవాడు. "దిగేదాకా ఆగరా, చేపలెక్కడికీ పోవు."

ఆ ఇంట్లో నా ఆస్తి అంతా మామయ్యే. అమ్మకి ఒక్కడే తమ్ముడు, మిలిటరీలో పనిచేసేవాడు. పెళ్ళి కాలేదు. ఏడాదికోసారి నా సెలవులు చూసుకుని సెలవు పెట్టేవాడు. వస్తూ నల్లరేకు ట్రంకుపెట్టె తెచ్చేవాడు. అది తెరిస్తే ముందు బూట్ పాలిష్ వాసన, తర్వాత కలరా ఉండలు, అట్టడుగున కిందటేడు జాడీలోంచి కారిన ఆవకాయ నూనె. దేశానికి ఏదైనా వాసనంటూ ఉంటే అదేనని చాలాకాలం అనుకున్నాను.

ట్రంకులో క్యాంటీను సీసాలు కూడా ఉండేవి. మామయ్య వచ్చాడని తెలియగానే ఊళ్ళో పెద్దమనుషులకి దేశభక్తి పొంగేది. ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చుని, ట్రంకు మీంచి చూపు తిప్పకుండా కుశలం అడిగేవాళ్ళు.

"ఏం అబ్బాయ్, బోర్డరు ఎట్లా ఉంది?"

"ఉంది బాబాయ్, ఎక్కడిదక్కడే."

"ఎప్పుడన్నా కాల్చావంటావా?"

"రోజూ కాలుస్తా బాబాయ్. పూటకి వెయ్యి చపాతీలు."

అది నిజం. మామయ్య మిలిటరీలో వంటవాడు. వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పేవాడు. ఒక్కడూ నమ్మేవాడు కాదు. "చూశావా, మిలిటరీవాళ్ళ నోట్లోంచి ఒక్క ముక్క రాదు. ట్రైనింగు అట్లాంటిది," అని పక్కవాడితో మెచ్చుకోలుగా చెప్పుకుంటూ, పంచె మడతలో సీసా దోపుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

మా అమ్మమ్మ కూడా నమ్మేది కాదు, వేరే కారణంతో. "నా కొడుకు ఇంట్లో గ్లాసు తీసి కడిగిన మొహం కాదు," అనేది. అప్పుడు మామయ్య లుంగీ ఎగ్గట్టి పొయ్యి ముందు కూర్చుని చపాతీలు చేసి చూపించేవాడు. మా ఊళ్ళో చపాతీ అంటే షుగరొచ్చినవాళ్ళకి డాక్టరు రాసే మందు. ఆ పూట వీధిలో వెళ్ళేవాళ్ళు లోపలికి తొంగిచూసి "ఎవరికి బాగోలేదు పిన్నీ?" అని అడిగేవాళ్ళు. పూరీలా పొంగిన ఆ చపాతీల్ని రొయ్యల పచ్చడితో తింటుంటే, మామయ్య నాకు మాత్రమే వినపడేట్టు చెప్పాడోసారి.

"మంచులో నిలబడి డ్యూటీ దిగినవాడి చేతిలో వేడి చపాతీ పెడితే, వాడు చూసే చూపు ఉంటది చూడల్లుడూ... నాకొచ్చిన పెళ్ళిసంబంధాల్లో ఒక్క పిల్లా నన్నట్లా చూళ్ళా."

పిల్లలు చూడకపోవడానికి మీసం ఒక కారణమని ఊళ్ళో అభిప్రాయం. మామయ్యకి మీసం సరిగ్గా వచ్చేది కాదు. అక్కడోటి ఇక్కడోటి మొలిచేది. "నాట్లేశారు గానీ నీళ్ళు వదల్లేదు," అని ఎవరో అన్నారట. ఆ రోజు నుంచి శుభ్రంగా గీసేసుకునేవాడు. మీసంలేని మిలిటరీవాణ్ణి చూసి ఊరు లోలోపల కొంచెం బాధపడింది గానీ, సీసాలు అందుతున్నాయి కాబట్టి బయటికి అనలేదు.

ఇంకొకటి చెప్పాలి. మామయ్య పెరట్లో నవారు మంచం మీద పడుకునేవాడు. మా వైపు దోమలు ఎట్లాంటివో మా వైపువాళ్ళకే తెలుసు. అందరం నెత్తి మీంచి ముసుగు తన్ని పడుకుంటే, ఆయన దుప్పటి మెడ దాకానే కప్పుకునేవాడు. మొహం దోమలకి వదిలేసేవాడు. తెల్లారగట్ల నేను లేచి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, ఆ దుప్పటి కొస పట్టుకుని మొహం మీదకి లాగేవాణ్ణి. అంతే. మంచం మీంచి ఎగిరిపడి, నన్ను కాలువ రేవు దాకా తరిమేవాడు. చుట్టుపక్కల కోళ్ళన్నీ లేచేవి. అమ్మమ్మ పళ్ళపుల్ల నోట్లోంచి తీసి నన్ను తిట్టేది.

"వద్దురా, వాడికి ఊపిరాడదు. పొత్తిళ్ళలో ఉన్నప్పట్నించీ అంతే. మొహం మీద గుడ్డ పడితే కాళ్ళు కొట్టుకునేవాడు."

ఓ చలికాలం మామయ్య పోయాడు. యుద్ధం ఏమీ లేదు. కొండదారిలో బంగాళాదుంపలూ గోధుమపిండీ వేసుకుని వెళ్తున్న లారీ లోయలో పడింది. అందులో ఉన్నాడు. మా ఊరికి వార్త చేరేటప్పటికి బంగాళాదుంపలు జారిపోయి శత్రువులు వచ్చిచేరారు. పంచాయతీ ఆఫీసు దగ్గర ఒకాయన మైకులో చెప్తుంటే విన్నాను, మామయ్య ఒంటిచేత్తో ఎంతమందిని నిలవరించాడో. లారీ సంగతి తెలిసిన మామయ్య స్నేహితుడు ఒకాయన పక్కనే ఉన్నాడు, ఆయనకీ నాకూ చూపులు కలిశాయి. ఆయన తల దించుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియనప్పుడు పెద్దవాళ్ళు అట్లా చేస్తారని అప్పుడు తెలిసింది.

పెట్టె వచ్చింది, పైన జెండా కప్పి. ఊరంతా వచ్చింది, పక్క ఊళ్ళూ వచ్చాయి. జై అని అరిచిన పిల్లలకల్లా మజ్జిగ పాకెట్లు ఇచ్చారు. నేనూ అరిచాను, గొంతు పోయేదాకా. అమ్మమ్మ మాత్రం అరవలేదు, ఏడవలేదు. పెట్టె పక్కన కూర్చుని, దాంతో వచ్చిన జవానుని అడిగింది.

"ఒక్కసారి మొహం చూపించు నాయనా."

అతనిది ఏ ఉత్తరాది ఊరో. భాష తెలియకపోయినా ఏం అడుగుతుందో అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు. "నహీ, మాతాజీ." మా ప్రెసిడెంటుగారు, అంటే ఊరి సర్పంచి, వంగి చెప్పాడు. "తెరవకూడదంట పిన్నీ. బాగోదంట." అమ్మమ్మ పెట్టెలో తల ఎక్కడుంటుందో అంచనా వేసుకుని, అక్కడ చెయ్యి పెట్టి కూర్చుంది. తర్వాత జెండా మడిచి చేతిలో పెట్టారు. దాన్నేం చెయ్యాలో తెలియక, దండెం మీద ఉన్న మామయ్య తువ్వాలుతో కలిపి ట్రంకులో దాచింది.

"రాయిలా ఉంది చూడు ఆవిడ. ఎంతైనా వీరుణ్ణి కన్న తల్లి," అన్నారు జనం. కొందరు ఇంకోలా కూడా అన్నారు. కన్నీళ్ళు రాని తల్లిని గురించి ఊళ్ళో మాటలు ఎన్నాళ్ళు నడవాలో అన్నాళ్ళూ నడిచాయి.

విగ్రహం పెట్టాలన్నారు. అసలు మా ఊళ్ళో మిలిటరీకి వెళ్ళినవాళ్ళే తక్కువ, అందులోనూ పోయినవాడు ఒక్కడే, వదులుకుంటారా? తెనాలి నుంచి విగ్రహాలు చేసే ఆయన వచ్చి ఫొటో అడిగాడు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో. అందులో మామయ్య నిద్రలోంచి లేపితే వచ్చినట్టుంటాడు.

"మీసం పెడతానండి," అన్నాడాయన ఫొటో అటూ ఇటూ తిప్పి. "ఇట్లా వదిలేస్తే మిలిటరీ అనుకోరండి. బ్యాంకు ఉద్యోగి అనుకుంటారు."

"వాడికి మీసం లేదు బాబూ," అంది అమ్మమ్మ.

"విగ్రహానికి ఉంటదండి. చేతిలో తుపాకీ కూడా ఉంటది."

"వాడు వంట చేసేవాడు."

ప్రెసిడెంటుగారికి విసుగొచ్చింది. "ఏంటి పిన్నీ, చేతిలో గరిటె పెట్టమంటావా?"

"పెడితే తప్పేంటంట?" అంది అమ్మమ్మ.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆగస్టులో జెండా పండగ రోజున ఊరి సెంటర్లో, అప్పటికే ఉన్న ఇద్దరు నాయకుల విగ్రహాల పక్కన, మామయ్యది ఆవిష్కరించారు. తాడు లాగారు, బట్ట జారింది. బ్రహ్మాండమైన మనిషి! గుమ్మడికాయంత భుజాలు. తుపాకీ పైకెత్తి, కాలువ అవతలి వరిచేలని బెదిరిస్తున్నాడు. మీసాలు రెండువైపులా మెలితిరిగి చెవుల్ని పలకరిస్తున్నాయి. చప్పట్లు ఆగాక, ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మ మాట ఎదుటి మైకులోంచి ఊరంతా వినపడింది.

"ఎవరీయన?"

తర్వాత ఆవిడ సెంటర్ వైపు వెళ్ళడం మానేసింది. రేషను షాపుకి చుట్టూ తిరిగి, చేపల మార్కెట్టు వెనకనుంచి పోయేది. దారి అడిగినవాళ్ళకి "మీసాలాయన దగ్గర ఎడం పక్కకి తిరగండి" అని గౌరవంగానే చెప్పేది, ఎవరో పొరుగూరి పెద్దమనిషి గురించి చెప్పినట్టు.

ఆ తర్వాతి వేసవి ఎన్నికలు. నేను సెలవులకి వెళ్ళాను. నల్లట్రంకు మంచం కింద ఉంది, సీసాలు లేవు, అరుగు మీదకి ఎవరూ రావడం లేదు. ఓ పొద్దున నేను సెంటర్లో పుల్లఐసు చీకుతూ నిలబడితే, పంచాయతీ సెక్రటరీ ఇద్దరు పనివాళ్ళతో వచ్చాడు. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడు. పెద్దపెద్ద కళ్ళు, వాటినిండా భయం. యూరియా సంచులు విప్పి కుట్టించిన పట్టాలు తెచ్చి, నాయకుల విగ్రహాలు రెండూ కప్పించాడు. మూడోదాని ముందు ఆగిపోయాడు.

"ఈయన ఏ పార్టీ అండి?" అని టీ కొట్టువాణ్ణి అడిగాడు.

"మిలిటరీ అండి."

"అది సరే. పార్టీ?"

టీ కొట్టు దగ్గర చర్చ మొదలైంది. ఓటు వేయగా చూసినవాళ్ళు లేరు. ఎన్నికలప్పుడు ఎప్పుడూ ఊళ్ళో లేడు. విగ్రహానికి సిమెంటు ఇచ్చిన ప్రెసిడెంటుగారు ఒక పార్టీ, రంగు వేయించినాయన ఇంకో పార్టీ. అన్నీ విని సెక్రటరీ చెమట తుడుచుకున్నాడు. "ఎందుకైనా మంచిది, కప్పేయండి. పైనుంచి విగ్రహాలన్నీ అన్నారు. ఎవరన్నా కంప్లైంటు చేస్తే నా ఉద్యోగం పోయిద్ది."

ఎరువు సంచుల్లోకి మామయ్య, మీసాలతో సహా, మాయమయ్యాడు. నాకు తెగ నవ్వొచ్చింది. ఈ జోకు అమ్మమ్మకి చెప్పాలని పరిగెత్తాను.

ఇంట్లో ఆవకాయ పెడుతోంది. చాప నిండా మామిడికాయ ముక్కలు, పక్కన ఆవపిండి, కారం, ఉప్పు. ఆ ఘాటుకి వీధిలోకే తుమ్ములొస్తున్నాయి. నేను నవ్వుకుంటూ చెప్పాను. ముక్క తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"మొహం కూడానా?"

"అంతా అమ్మమ్మా. మూట కట్టేశారు."

ఆవిడ లేచింది. చేతులకి ఆవపిండి అట్లానే ఉంది. చెప్పులు కూడా వేసుకోలేదు. మండుటెండలో, అన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన దారినే, సెంటర్‌కి నడిచింది. నేను వెనకాల. నా నవ్వు ఎక్కడో దారిలో పడిపోయింది.

"బాబూ, ఆ మొహం మీంచి తియ్యి," అంది సెక్రటరీతో.

"మామ్మగారూ, కోడ్ అండి. నా చేతుల్లో లేదండి."

"మళ్ళీ ఎప్పుడు తీస్తారు?"

"ఓట్లు లెక్కపెట్టాకండి."

"అందాకా వాడట్లా ఉండాలా? వాడికి ఊపిరాడదు నాయనా."

టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ప్రెసిడెంటుగారు వచ్చి మెల్లగా చెప్పాడు. "పిన్నీ, అది సిమెంటు. దానికి ఊపిరేంటి?"

అమ్మమ్మ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"పెట్టెలో తెచ్చిన రోజున మనిషి, చూస్తే బాగోదన్నావు. ఇవాళ సిమెంటు, చూడక్కర్లేదంటున్నావు. నా కొడుకు మొహం నేనెప్పుడు చూడాలో చెప్పు."

ప్రెసిడెంటుగారు కండువా దులుపుకుని పంచాయతీ ఆఫీసు వైపు నడిచాడు.

ఆవిడ దిమ్మ కింద, ఎండలో కూర్చుంది. నీడలోకి రమ్మంటే రాలేదు. కొట్టువాడు మజ్జిగిస్తే నాకిచ్చింది. ఎవరినీ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పైకి చూస్తూ కూర్చుంది, గాలికి యూరియా పట్టా ఉబ్బి తగ్గుతుంటే. నిజంగానే లోపల ఎవరో ఊపిరి కోసం కొట్టుకుంటున్నట్టే ఉంది. నేను కూడా అటే చూస్తూ ఉండిపోయాను.

ఊరు అన్నానికి వెళ్ళిపోయాక సెక్రటరీ ఒక్కడే నిచ్చెన మోసుకుంటూ వచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"మామ్మగారూ, తుపాకీ, యూనిఫారం కప్పే ఉంచుతానండి. మొహం వరకు వదిలేస్తా. పైవాళ్ళు అడిగితే ఏదోటి చెప్పుకుంటా. ఇంక లేవండి, నాకు భయంగా ఉంది, మీకేమన్నా అయితే."

పైకెక్కి, పట్టా కిందికి లాగి, మెడ చుట్టూ తాడు కట్టాడు. దిగి, చేతులు దులుపుకుని, పక్కకి నిలబడ్డాడు.

అమ్మమ్మ లేచి వెనక్కి జరిగి చూసింది. మెడ దాకా బట్ట, పైన మొహం, ఆ మీసాలు. ఎవరికైనా ఒకటే గుర్తొస్తుంది. ఆవిడే అంది.

"క్షవరానికి కూర్చున్నట్టున్నాడు. ఇంక సెలూను అబ్బాయిని పిలిస్తే సరి. ఆ మీసం కూడా తీసేస్తాడు."

సెక్రటరీ నవ్వాడు. నేను నవ్వాను. ఆవిడా నవ్వింది, పెట్టె వచ్చినప్పట్నించీ మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ ఉన్నదల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దిమ్మకి ఆనుకుంది. భుజాలు ఇంకా ఊగుతున్నాయి. అది నవ్వు కాదని మాకు కాసేపటికి గానీ తెలియలేదు. ఆవపిండి చేతులతో కళ్ళు తుడుచుకుంది, మంట పుట్టింది, ఇంకా ఏడ్చింది. అంత ఏడుపు ఆ చిన్న మనిషిలో ఎక్కడ పట్టిందో. సెక్రటరీ పాపం, ప్రభుత్వ ఉద్యోగి, ఏం చెయ్యాలో తెలియక నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ ఎక్కి లేరు దానిమీద.

ఇంటికొచ్చి ఆవకాయ కలిపింది. ఆ యేడు ఆవకాయ ఉప్పుకషాయం. కన్నీళ్ళు కలిసి అట్లా అయిందంటే బాగుంటుంది గానీ, నిజానికి ఆవిడ ఉప్పు రెండుసార్లు వేసింది. వెళ్ళేముందోసారి, వచ్చాకోసారి. ఏడాదంతా అదే తిన్నాం.

అప్పట్నించీ సెంటర్‌కి మామూలు దారినే వెళ్ళేది. దిమ్మ దగ్గర ఆగి, కాకిరెట్ట ఉంటే నన్ను పైకెక్కించి తడిగుడ్డతో తుడిపించేది. "చెవి వెనక కూడా," అనేది కింద నుంచి.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ట్రంకు మా ఇంట్లో ఉంది, మా ఆవిడ అందులో చలికాలం దుప్పట్లు పెడుతుంది. జెండా, తువ్వాలు అడుగున అట్లాగే ఉన్నాయి. ఆవకాయ వాసన మాత్రం పోయింది.

మొన్న షాపు ఎదురుగా ఆ విగ్రహం మొహం కప్పడం చూశాక షాపులో కూర్చోబుద్ధి కాలేదు. అమ్మమ్మ వాళ్ళూరి బస్సెక్కాను. కిటికీలు మూసిన బస్సు, ఏసీ. ఏ వాసనా రాలేదు. బోర్డు చూసి దిగాల్సొచ్చింది.

ఊరి సెంటర్లో కొందరు కుర్రాళ్ళు చెమటలు కక్కుతూ కరకట్ట మీంచి పరిగెత్తుకొచ్చి, మామయ్య దిమ్మకి చెయ్యి తాకించి, మళ్ళీ పరిగెత్తుతున్నారు. మిలిటరీ సెలక్షన్లకి ప్రాక్టీసట. ఒకణ్ణి ఆపి ఈయనెవరు అని అడిగాను. "మీసాల సార్ అండి. బోర్డర్లో ఒక్కడే చాలామందిని ఆపేశాడంట," అంటూ ఆయాసపడి వెళ్ళిపోయాడు. చపాతీల సంగతి చెబుదామనుకున్నాను. ఆగలేదు వాడు.

నేను భయపడుతూనే తలెత్తాను.

నాయకులిద్దరూ నిలువునా తెల్లబట్టలో ఉన్నారు. మామయ్యకి మెడ దాకానే ఉంది. శుభ్రంగా తాడు కట్టి, మొహం బయటికి వదిలి.

ఇప్పటి సెక్రటరీ ఓ అమ్మాయి, నాకంటే చిన్నది. నేను అట్లా నిలబడిపోవడం చూసి, కంప్లైంటుకి వచ్చాననుకున్నట్టుంది. స్కూటీ ఆపి గబగబా చెప్పింది.

"కప్పామండి, చూడండి, యూనిఫారం అదీ ఏమీ కనపడట్లేదు. ఈయనకి మాత్రం మెడ దాకానే కట్టాలని మా ముందున్న సార్ చెప్పారండి. ఆయనకి అంతకుముందున్నాయన చెప్పారంట. మొదట్నించీ ఇంతేనంటండి."

"ఎందుకట?"

"అది ఎవరికీ తెలీదండి." ఆమె నన్ను పరీక్షగా చూసింది. "మీకేమన్నా తెలుసా అండి?"

నాకు ప్రతిదానికీ ఓ జోకు తయారుగా ఉంటుంది. గవర్నర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. అప్పుడు వెతికితే ఒక్కటీ దొరకలేదు.

"ఆయనకి ఊపిరాడదండి," అన్నాను.

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "భలేవారండీ!" అనుకుంటూ స్కూటీ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయింది.